వెనక కూర్చుంటే కనబడే లైటు

నా బండి వెనక కూర్చున్నప్పుడు మా ఆవిడకు ఒక అలవాటుండేది. కాళ్లు రెండూ ఎడమపక్కకు వేసి, కుడిచెయ్యి నా భుజం మీద పెట్టి, ఆ చేతికి గడ్డం ఆనించి మీటరు చూసేది. స్పీడు అరవై మీదికి పోయిందంటే చాలు, "అరవై దాటింది" అనేది. అంతకుమించి ఒక్క మాట ఉండదు. పెళ్లయిన కొత్తలో నాకు చిరాకేసేది. బండ్లు బాగుచేసేవాడికి బండి నడపడం నేర్పుతున్నావా అని కసురుకునేవాణ్ణి. పోనుపోను ఆ మాట వినడానికే, రోడ్డు ఖాళీగా ఉన్నచోట కావాలని అరవై దాటించేవాణ్ణి. ఈ సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

మాది కుసుమంచి. పని నేర్చుకున్నది ఖమ్మంలో. పెళ్లయ్యాక మామగారి ఊరికి దగ్గరని టేకులపల్లిలో షెడ్డు వేసుకున్నాను. ఇల్లు షెడ్డు వెనకే. ఇంజన్ చప్పుడు విని, చూడకుండానే రోగం చెబుతానని నాకు పేరుంది. ఆ పేరు కొంత నేనే పుట్టించుకున్నాను. కొత్త బండి కొన్నవాళ్లు ముందు నా దగ్గరికే తెస్తారు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, దిష్టికి నల్లతాడు కట్టించుకుని పోతారు. తాడు చేసేది మా ఆవిడ. నల్లఉన్ని మూడు పాయలు అల్లి, ఒక గవ్వో మూడు గవ్వలో గుచ్చి ఇస్తుంది. కట్టేది నేను. ఒకసారి కట్టాక ఆ తాడును ఎవరూ ముట్టరు. ఎండకు చీకి, వానకు నాని, దానంతట అదే తెగి పడిపోవాలి. ఇంజను మొత్తం విప్పి నేలమీద పరిచిన బండికి కూడా ఆ తాడు ఉన్నచోటే ఉంటుంది. మా వైపు ఏ మెకానిక్కునైనా అడగండి, బండిలో వాడు చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.

ఇక అతని సంగతి. మా ఆవిడకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచి అతనికే ఇస్తారని రెండిళ్లలోనూ అనుకున్నారట. తీరా పెళ్లీడు వచ్చేసరికి అతనికి ఉద్యోగం లేదు, నాకు చేతిలో పని ఉంది. మా మామ నావైపు మొగ్గాడు. మా పెళ్లయిన రెండేళ్లకు అతనికి అటవీ శాఖలో బీట్ ఆఫీసరు ఉద్యోగం వచ్చింది. దుమ్ముగూడెం వైపు డ్యూటీ, శనివారం శనివారం ఊరికి, అంటే మా మామగారి ఊరికే, వస్తాడు. మనిషి ఆరడుగులు. ఖాకీ బట్టలు తొడిగితే ఇంకో రెండంగుళాలు పెరుగుతాడు. నాకంటే ఆర్నెల్లు పెద్ద, అంతే. దానికే నన్ను "తమ్మీ" అంటాడు. వరస ప్రకారం అనొచ్చు, తప్పు లేదు. అయినా ఆ పిలుపు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అన్నిటికంటే పెద్ద సంగతి, అతను ఇంకా పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో ఊళ్లో ఎవరికీ పట్టలేదు, నాకు పట్టింది.

మూడేళ్ల కింద దసరా ముందు అతను కొత్త బండి కొన్నాడు. పూజ నా షెడ్డులోనే. మా ఆవిడ తాడు తెచ్చి నా చేతికిచ్చింది. చూస్తే ఏడు గవ్వలున్నాయి. ఎవరి బండికీ మూడు దాటి గుచ్చిన మనిషి కాదు. ఏడెందుకని అడుగుదామనుకున్నాను. అడిగితే నేను లెక్కపెట్టానని తెలిసిపోతుంది. నోరు మూసుకుని, హెడ్‌లైటు కింద ముందు ఫోర్కు పైపుకు తాడు రెండు చుట్లు చుట్టి, పళ్లు బిగబట్టి ముడి వేశాను. ఒకటి చాలదన్నట్టు మూడు ముళ్లు వేశాను. అవతల వాళ్లిద్దరూ చిన్నప్పుడు వాగులో చెప్పులు కొట్టుకుపోయిన సంగతేదో చెప్పుకుని నవ్వుతున్నారు. ముడి వేస్తున్నంతసేపూ నేను తాడును చూడలేదు, వాళ్లను చూశాను.

నెల తర్వాత ఒక శనివారం అతను బండి షెడ్డు ముందు ఆపాడు.

"తమ్మీ, మీటర్ల గీ పసుపు లైటు వెలుగుతాంది. జర సూడు" అన్నాడు.

అది ఏబీఎస్ లైటు. తాళం తిప్పగానే ఎలాగూ వెలుగుతుంది, బండి నాలుగడుగులు కదిలితే ఆరిపోవాలి. నడుస్తుండగా వెలిగితేనే తప్పు. చక్రం ఎంత జోరుగా తిరుగుతున్నదో కనిపెట్టే సెన్సార్ ఒకటి చక్రం దగ్గర ఉంటుంది. దాని నుంచి వైరు ఫోర్కు వెంబడి పైకి పోతుంది. ఆ వైరులో ఎక్కడన్నా కబురు ఆగితే లైటు వెలుగుతుంది. బ్రేకు పడుతుంది గానీ, తడి రోడ్డు మీద గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుని జారకుండా కాపాడేది ఏదీ ఉండదు. అడవి దారుల్లో తిరిగే మనిషికి అది చిన్న సంగతి కాదు. ఇంకో తిరకాసు ఏమిటంటే, బండి ఆపి తాళం తీసి మళ్లీ పెడితే ఆ లైటు ఏమీ ఎరగనట్టు ఆరిపోతుంది.

నేను బండి ఎక్కి మెయిన్ రోడ్డు దాకా మూడుసార్లు పోయి వచ్చాను. లైటు వెలగలేదు. సెన్సార్ విప్పి తుడిచాను. ఫ్యూజులు చూశాను, బ్యాటరీ చూశాను, ట్యాంకు కింద కనెక్టర్ ఊడదీసి మళ్లీ పెట్టాను. వైరును చక్రం దగ్గర నుంచి నల్లతాడు దాకా వేలితో తడిమాను. తాడు పైనుంచి మళ్లీ కనెక్టర్ దాకా తడిమాను. అంతా బాగుంది. "ఇగ రాదు" అని పంపాను.

మళ్లీ శనివారం వచ్చాడు. "వచ్చింది తమ్మీ" అన్నాడు. ఆ పై శనివారమూ వచ్చాడు. అతను వస్తే బల్ల మీద కూర్చుంటాడు, మా ఆవిడ టీ తెస్తుంది. గిరాకీలకు హోటలు నుంచి కాగితం కప్పుల్లో వస్తుంది టీ. అతనికి ఇంట్లో అల్లం దంచి పెట్టి, స్టీలు గ్లాసులో. నాకు అల్లం టీ దొరికేది కూడా ఆ ఒక్కరోజే. అతనితో మాట్లాడేటప్పుడు ఆమె మాట వేగం పెరుగుతుంది, చేతులు తిప్పుతుంది, సగం మాటలు చెప్పకుండానే ఇద్దరికీ అర్థమవుతాయి. నేను స్పానరు పట్టుకుని బండి కింద పడుకుని ఆ సగం మాటల్లో మిగతా సగం వెతుక్కునేవాణ్ణి. కుళ్లుకున్నాను. ఆ మాటకు ఇంకో మర్యాదైన మాట నాకు దొరకడం లేదు.

నాలుగో వారానికి నాకు ఒక అనుమానం గట్టిపడింది. అసలు లైటే లేదు. మనిషి రావడానికి ఒక సాకు కావాలి, దానికి లైటు దొరికింది. దుమ్ముగూడెంలో వెలిగి, భద్రాచలం బ్రిడ్జి మీద వెలిగి, పాల్వంచలో వెలిగి, నా షెడ్డు కనబడగానే ఆరిపోయే లైటు ఏం లైటు? వచ్చిపోయే రోగం షెడ్డులో దొరకదు, దారిలోనే దొరుకుతుందని ఎంతమంది గిరాకీలకు నేనే చెప్పి ఉంటాను. అతని బండి దగ్గరికి వచ్చేసరికి నా విద్యంతా గాలికి పోయింది.

"కొత్తగూడెం షోరూంల సూపియ్యనా తమ్మీ? మిషిన్ పెట్టి సూస్తరంట" అన్నాడు ఒకరోజు.

"ఎందుకు? నా దగ్గరనే అయితది" అన్నాను. అతను రాకూడదు, అయినా ఇంకొకడి దగ్గరికి పోకూడదు. షోరూం వాడు పది నిమిషాల్లో పట్టేస్తే ఆ సంగతి మా ఆవిడ ముందు అల్లం టీ తాగుతూ చెబుతాడు.

ఐదో శనివారం మామగారి ఊళ్లో బొడ్రాయి పండుగ. ఆడబిడ్డలందరూ పుట్టింటికి పోవాల్సిన రోజు. నేను ఒక ఇంజను విప్పి పెట్టుకున్నాను, సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చాను. మా ఆవిడ తయారై వచ్చి నిలబడింది. అతను అప్పుడే బండి స్టార్టు చేస్తున్నాడు.

"నువ్వు ముందు పో. మీ బావ ఎట్లాగు పోతుండు గదా" అన్నాను.

ఎత్తిపొడుపుగా అన్నాను. ఆమె మామూలు మాటగా తీసుకుంది. సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. బండి మలుపు తిరిగిందాకా చూశాను, ఆ తర్వాత ఆ ఇంజనులో ఒక బోల్టు పెట్టడం మరిచిపోయి అంతా బిగించి, మళ్లీ విప్పాను.

మరునాడు ఇంటికి వచ్చాక అన్నం పెడుతూ చెప్పింది. "లైటు నిజంగనే వెలుగుతాంది. వాగు దాటి ఒడ్డు ఎక్కంగ వెలిగింది. నేను సూసిన."

"నువ్వు సూసినవా?"

"అవ్, సూసిన. బావ అబద్ధం చెప్తలేడు."

ఐదు వారాలుగా అబద్ధమనుకున్న లైటు నిజమని తేలింది. మెకానిక్కు అన్నవాడు సంతోషించాలి. నేను కంచం ముందు నుంచి లేచాను. ఆ బండి మీటరు చిన్నది, ముందుకు వంచి బిగించి ఉంటుంది. వెనక కూర్చున్న మనిషికి అంత తేలిగ్గా కనబడదు.

ఎంత కనబడదో తేల్చుకోవాలని అదే రోజు అలాంటి బండి ఒకటి సర్వీసుకు వస్తే పక్కకు పెట్టాను. ఎవరూ లేనప్పుడు దాని వెనక సీటు మీద మా ఆవిడ కూర్చున్నట్టే కాళ్లు రెండూ ఒకపక్కకు వేసి కూర్చున్నాను. మీటరు కనబడలేదు. కొంచెం ఒరిగాను, కనబడలేదు. ముందు ఒక మనిషి ఉన్నాడనుకుని, అతని భుజం ఉండేచోట చెయ్యి పెట్టి, ఆ చేతిమీదికి గడ్డం తెచ్చాను. అప్పుడు కనబడింది. ఎదురుగా టైరు పంచరు వేయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి నిలబడి నన్ను చూస్తున్నాడు. ఏం చేస్తున్నావని అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.

ఆ వారమంతా నేను ఇంట్లో మనిషిలా లేను. కూరలో ఉప్పు ఎక్కువైందన్నాను, చొక్కా సరిగా ఆరలేదన్నాను. అడగాల్సింది మాత్రం అడగలేదు. ఏమైందని ఆమె రెండుసార్లు అడిగి ఊరుకుంది.

శనివారం అతను రాగానే చెప్పాను. "ఇద్దరు కూసుంటెనే వెలుగుతున్నట్టుంది. ట్రయల్ కొట్టాలె."

"నేను కూసోనా ఎనక?" అన్నాడు.

"వద్దు. లైటు సూసింది ఆమె గదా, ఆమెనే కూసుంటది" అన్నాను.

అతను బల్ల మీద కూర్చుండిపోయాడు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఎక్కింది. ఊరు దాటి అడవిలోకి పోయే రోడ్డు పట్టాను. రెండు పక్కలా టేకు చెట్లు ఆకులు రాల్చి, రోడ్డంతా ఎండాకులు. ఆమె ఎప్పటిలాగే నా భుజం మీద చెయ్యి వేసి, గడ్డం ఆనించింది. మూడు కిలోమీటర్ల అవతల వాగు ఉంది. నీళ్లు లేవు, ఇసుక. దిగి, అవతలి ఒడ్డు ఎక్కి, బండి ముందుభాగం గుంతలోంచి పైకి లేచిందో లేదో, పసుపు లైటు వెలిగింది.

"అగో, వెలిగింది. సూసినవా?" అంది నా చెవి పక్కన. ఆ గొంతులో నిజంగా సంతోషం ఉంది. నా పని సులువైందని ఆమె సంతోషం.

నేను బండి ఆపాను. "అతని ఎనక కూసున్నప్పుడు గూడ గిట్లనే గడ్డం ఆనిచ్చి సూసినవా?" అన్నాను.

భుజం మీద చెయ్యి లేచిపోయింది. ఆమె కిందికి దిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది. కోపం కూడా లేదు ముఖంలో, ఎవరినో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

"నువ్వే పంపినవ్ గదా" అంది. "ఒడ్డు ఎక్కంగ పడిపోతనేమోనని భుజం పట్టుకుని ఒరిగిన. లైటు కనబడ్డది. నువ్వు ఐదు వారాలసంది దానితోటి కొట్లాడుతున్నవ్, చెప్తే నీకు అల్కగ అయితదని చెప్పిన" అంది.

ఆమె వెనక్కి తిరిగి, వాగులోకి దిగి, ఊరివైపు నడవడం మొదలుపెట్టింది. పిలవాలి. పిలవలేదు. నాకు ఒళ్లు మండుతోంది, ఎవరిమీదో తెలియడం లేదు. చేతికందింది బండి. స్టాండు వేసి, ముందుకు వచ్చి, హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని కోపం కొద్దీ పైకి గుంజాను.

బండి ముందుభాగం లేచింది. ఫోర్కు సాగింది. నా కళ్లెదుట, హెడ్‌లైటు కింద, నల్లగా ఒకటి తాడులా బిగుసుకుంది. అది తాడు కాదు, సెన్సార్ వైరు. కింద చక్రం నుంచి వచ్చి, దిష్టితాడు చుట్ల లోపలికి పోయి, అక్కడ చిక్కుకుని ఉంది. చక్రం కిందికి దిగినప్పుడు వైరు సాగడానికి కొంత వదులు ఉండాలి. ఆ వదులు లేకుండా పైపుతో కలిపి ఎవడో కట్టేశాడు. గుంతలోంచి లేచిన ప్రతిసారీ వైరు గుంజుకుని లోపల రాగి తీగ విడిపోతోంది, మళ్లీ అతుక్కుంటోంది. వెనక ఇంకో మనిషి కూర్చుంటే ముందుభాగం తేలికై ఇంకా ఎక్కువ లేస్తుంది.

ఎవడో ఏమిటి, నేనే. ముడి మీద ముడి వేసింది నేనే. వైరును తాడు దాకా, తాడు నుంచి అవతలికి తడిమినవాణ్ణి, తాడు కింద ఒక్క అంగుళం మాత్రం వదిలేశాను. ఆరు శనివారాలు అతన్ని నా గడపకు తెచ్చి కూర్చోబెట్టింది నా చేతి ముడే.

సిగ్గేసింది. రోగం దొరికిందన్న సంతోషం కూడా వేసింది, అదింకా సిగ్గుచేటు. జేబులో కటింగ్ ప్లేయరు ఉంది. దిష్టితాడు కోయకూడదన్నది గుర్తుకు వచ్చినా ఆగలేదు. నట్టనడుమ కోసి, గుంజి, ఆ గవ్వల దండను టేకాకుల్లోకి విసిరేశాను. తాళం తిప్పి వాగు దిగి ఎక్కాను, మళ్లీ దిగి ఎక్కాను. లైటు వెలగలేదు.

ఆమె కిలోమీటరు దూరం పోయింది. పక్కన ఆపాను.

"దొరికింది. తాడు కింద వైరు. నేనే కలిపి కట్టిన" అన్నాను. క్షమించమని అడగడం నాకు రాదు, ఈ మాటనే ఆ మాటగా తీసుకుంటుందని ఆశపడ్డాను.

"తాడేది?"

"కోసి పారేసిన."

ఆమె నిలబడిపోయింది. "అవి మా మేనత్త పచ్చీసు గవ్వలు" అంది. "ఎండాకాలం సెలవులల్ల మమ్ముల్నందరిని కూసోబెట్టి ఆడిపిచ్చేది. పోయేటప్పుడు నాకు ఇచ్చింది. కొడుకు అడివిల తిరుగుతడు, బండి మీద తల్లివి ఉంటె మంచిదని గుచ్చిన."

ఏడెందుకో ఆ రోజు ఒక్కమాట అడిగి ఉంటే ఇదే చెప్పేది. పచ్చీసుకు ఏడు గవ్వలని నాకూ తెలుసు, చిన్నప్పుడు నేనూ ఆడాను.

వెనక్కి పోయాం. ఆమె బండి ఎక్కలేదు, నడిచే వచ్చింది. నేను బండి తోసుకుంటూ వచ్చాను. టేకాకులు పెద్దవి, ఒక్కో ఆకు కింద చూడాలి. తాడు ముక్కలకు నాలుగు గవ్వలున్నాయి, మిగతావి జారిపోయాయి. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని వెతికాం. ఇంకో రెండు దొరికాయి. ఏడోది దొరకలేదు. చాలాసేపు చూసి, ఆమే లేచి, ఆరు గవ్వలు కొంగున ముడి వేసుకుంది.

"కూసో" అన్నాను.

కూర్చుంది. సీటు చివరికి జరిగి, వెనక ఉన్న ఇనుప కడ్డీ పట్టుకుని కూర్చుంది.

షెడ్డుకు వచ్చాక అతనికి ఆమె ఎదుటే చెప్పాను, తాడు కింద వైరు బిగించింది నేనేనని. "గింత గట్టిగ కడ్తరా తమ్మీ" అని నవ్వాడు. ఆమె కొంగు విప్పి గవ్వలు చూపించగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఒక గవ్వ తీసుకుని అరచేతిలో అటూఇటూ తిప్పాడు. "అమ్మవి గదా" అని దాన్ని జేబులో వేసుకుని, మిగతావి ఆమెనే ఉంచుకోమన్నాడు. నేను వైరు కోసి, అతికి, టేపు చుట్టి, వదులుగా కట్టి ఇచ్చాను. అప్పుడు కూడా, అంత జరిగాక కూడా, ఆ ఐదు గవ్వలు మా ఇంట్లో ఉంటాయన్నది నాకు నచ్చలేదు. ఉన్నమాట రాస్తున్నాను.

ఆ లైటు మళ్లీ వెలగలేదు. శనివారాలు అతను మా షెడ్డు ముందు నుంచే హారన్ కొట్టి పోతాడు, ఆగడు. నేను కోరుకున్నది అదే. ఇప్పుడు ఎవరి బండికి తాడు కట్టినా ముందు వైర్లు పక్కకు తీసి, వేలు దూరేంత వదులుగా కడతాను. మా ఆవిడ తాళ్లు చేస్తూనే ఉంది, మూడు గవ్వలకు మించకుండా. మేం పోట్లాడుకోలేదు. ఆ వాగు సంగతి ఇద్దరం మళ్లీ ఎత్తలేదు. అల్లం టీ మాత్రం రోజూ వస్తుంది నాకు, అడగకుండానే.

మొన్న కుసుమంచి పోయాం, మా సొంత బండి మీదే. ఖమ్మం దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. అరవై దాటించాను. అరవై ఐదు చేశాను. డెబ్బై దగ్గర కొంచెంసేపు పట్టి ఉంచాను. అద్దంలో చూస్తే ఆమె కడ్డీ పట్టుకుని, పక్కన పోతున్న పత్తి చేలు చూస్తోంది.

"అరవై దాటింది" అన్నాను నేనే, గట్టిగా.

"ఏమో, నాకు ఈడికి కనబడదు" అంది.